అప్‌డేట్: క్యూబిట్‌లో 0.7 శక్తి ఉంటే 0.4 పనే ఎందుకొచ్చిందంటే

గతవారం నేనడిగింది ఇదీ: క్యూబిట్ (రెండే శక్తి స్థాయిలున్న క్వాంటమ్ వ్యవస్థ) పై స్థాయిలో ఉండే సంభావ్యత 0.7, కింది స్థాయిలో 0.3, కోహెరెన్స్ (రెండు స్థాయిల క్వాంటమ్ కలయిక) లేదు. స్థాయిల మధ్య తేడా 1 యూనిట్. సగటు శక్తి 0.7 కదా, మరి ప్రోగ్రామ్ 0.4 పనే వస్తుందంటోంది ఎందుకని? రెండు రాత్రులు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు నా బుర్రలో ఉంది.

ఇక్కడ పని రాబట్టేది యూనిటరీ మార్పుతో, అంటే వెనక్కి తిప్పగలిగే క్వాంటమ్ మార్పుతో. అది ఆ రెండు సంభావ్యతలను అటూ ఇటూ మార్చగలదు గానీ, 0.3ని సున్నా చేయలేదు. తిరగేస్తే పైన 0.3 మిగులుతుంది. 0.7లోంచి అది పోతే 0.4. ఇలా రాబట్టగలిగే గరిష్ఠ పనినే ఎర్గోట్రోపీ అంటారు, 2004లో వచ్చిన పేరు. మాది నల్గొండ జిల్లా, సాగర్ ఆయకట్టు. నాకైతే డెడ్ స్టోరేజీ అనుకున్నాకే ఎక్కింది: డ్యామ్ అడుగున కూడా నీళ్లుంటాయి, కాలువకు మాత్రం రావు.

మిగిలినది ఇలాంటివే రెండు క్యూబిట్లు కలిపితే వస్తుందేమోనని ఆశపడ్డాను. రాదు. పని ఇవ్వలేని క్యూబిట్ ఎప్పుడూ థర్మల్ స్థితిలోనే (ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర కుదురుకున్నట్టు) ఉంటుంది, అలాంటివి ఒకేలాంటివి ఎన్ని కలిపినా పని రాదు. మూడు స్థాయిలుంటే వేరే కథ: విడిగా ఏమీ ఇవ్వనివి కూడా కొన్ని కలిస్తే ఇవ్వొచ్చు. శనివారం సెమినార్, కాస్త టెన్షన్‌గానే ఉంది. ఇప్పుడు ఆ మూడు స్థాయిల లెక్కే చేస్తున్నాను.