పాత అనిమే బ్లూ-రే కోసం కిక్‌స్టార్టర్: డబ్బు కట్టే ముందు పేజీలో ఏం చూడాలి?

సెల్‌రంగులు:

1980ల చివర్లో వచ్చిన ఆరు భాగాల ఓవీఏ (టీవీకో థియేటర్‌కో కాకుండా నేరుగా వీడియోగా విడుదలైన అనిమే) ఒకదాన్ని మొదటిసారి బ్లూ-రేలో తెస్తామంటూ, జనం దగ్గర ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో క్యాంపెయిన్ మొదలైంది. నడిపేది అమెరికాలోని ఒక చిన్న పంపిణీ సంస్థ. లక్ష్యం 70 వేల డాలర్లు, సెట్ కావాలంటే 70 డాలర్లు కట్టాలి. లక్ష్యం దాటితే ముందు ఆర్ట్ బుక్, ఇంకా దాటితే కొత్త ఇంగ్లిష్ డబ్బింగ్ అని రాశారు. డెలివరీ పది నెలల్లోనట.

పేజీ నిండా "కొత్త హెచ్‌డీ మాస్టర్" (డిస్కు తయారీకి వాడే మూల వీడియో) అన్న మాటే ఉంది, వివరం మాత్రం ఎక్కడా లేదు. ఇలాంటివి దగ్గర్నుంచి గమనిస్తున్నవాళ్లు చెప్పండి. ఈ 70 వేలు అసలు దేనికి ఖర్చవుతాయి? బొమ్మ బాగుంటుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా? ఇప్పుడు కట్టకుండా, దుకాణాల్లోకి వచ్చాక కొంటే నష్టమా? రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందన్నది) సంగతి కూడా రాయలేదు.

లెక్కలపుస్తకం:

ముందు డబ్బు సంగతి. వెయ్యి మంది తలా 70 డాలర్లు కట్టి లక్ష్యం సరిగ్గా చేరిందనుకుందాం. కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, అంటే 3,500. కార్డు చెల్లింపుల రుసుము అమెరికా క్యాంపెయిన్లకు 3 శాతం, దానికి తోడు ఒక్కో ప్లెడ్జ్‌కి (ఒక్కొక్కరు కడతామన్న మొత్తానికి) 20 సెంట్లు. ఇవి రెండూ కలిపి 2,300. అంటే డిస్కు పని మొదలవకముందే 5,800 పోయి 64,200 మిగులుతాయి. గడువు ముగిశాక డబ్బు పడని కార్డులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. వారం పాటు మళ్లీ ప్రయత్నిస్తారు, అప్పటికీ పడకపోతే ఆ ప్లెడ్జ్ రద్దు. పోస్టేజీని ప్లెడ్జ్‌లోనే కలిపి తీసుకుంటే దాని మీద కూడా ఇవే రుసుములు పడతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పోస్టేజీని తర్వాత ప్లెడ్జ్ మేనేజర్‌లో (క్యాంపెయిన్ అయ్యాక చిరునామాలు, అదనపు చెల్లింపులు తీసుకునే పేజీలో) విడిగా అడుగుతారు. అలా అడిగితే కొత్త వసూలు అనుకోకండి, లెక్క తెలిసినవాళ్లు చేసే పద్ధతే అది.

మిగిలినదాంట్లోంచి ముందు లైసెన్స్ కట్టాలి. జపాన్ హక్కుదారుకు మినిమమ్ గ్యారంటీ పేరుతో కొంత మొత్తం ముందే ఇవ్వాలి. డిస్కులు అమ్ముడైనా కాకపోయినా అది వెనక్కి రాదు. మాస్టర్‌కి కాపీ తీసి పంపినందుకు మెటీరియల్ ఫీజు వేరు. తర్వాత సబ్‌టైటిళ్లు, ఎన్‌కోడింగ్ (వీడియోని డిస్కులో పట్టేలా కుదించడం), ఆథరింగ్ (మెనూలతో డిస్కుగా కూర్చడం). ఫ్యాక్టరీలో అచ్చయ్యే బ్లూ-రే సినిమా డిస్కులకు ఏఏసీఎస్ అనే కాపీ నిరోధక రక్షణ తప్పనిసరి, ఆ రుసుములూ ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం వెయ్యి సెట్లు వేసినా పదివేలు వేసినా దాదాపు మారని ఖర్చు. కాబట్టి మొదటి వెయ్యి మంది కట్టేది ప్రధానంగా ఈ స్థిరమైన ఖర్చుల కోసమే. వెయ్యిన్నొకటో సెట్‌కి డిస్కు అచ్చు, పెట్టె, పోస్టేజీ, రాయల్టీ మాత్రమే అదనం. లక్ష్యం దాటాక క్యాంపెయిన్‌లో ఉత్సాహం ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇదే.

లక్ష్యం అంకె ఒక్కటే చూసి తేల్చకండి, అడుగుతున్నది ఎవరో చూడండి. 2013లో అనిమేగో సంస్థ "బబుల్‌గమ్ క్రైసిస్" బ్లూ-రే కోసం 75 వేల డాలర్లు అడిగితే లక్షన్నర దాటాయి. అదే ఏడాది "టైమ్ ఆఫ్ ఈవ్" బ్లూ-రేకి అడిగింది 18 వేలే, వచ్చినవి రెండు లక్షల పైన. అంత తక్కువ అడగడం వాళ్లకు ఎలా కుదిరిందంటే, క్యాంపెయిన్ నడిపింది జపాన్‌లో ఆ సినిమా తీసిన పక్షమే. బయటివాళ్ల దగ్గర లైసెన్స్ కొనక్కర్లేదు, మాస్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. బయటి పంపిణీదారు ఎవరైనా పాత ఓవీఏకి 20 వేలు చాలంటే, మిగతా డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో అడగాల్సిందే. 70 వేలు నమ్మదగ్గ అంకె.

ఆగడం గురించి: కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరకపోతే ఎవరి కార్డు నుంచీ పైసా పోదు. చేరితే, మిగులు సెట్లు సాధారణంగా ఆర్ట్ బుక్కుల్లాంటివి లేకుండా దుకాణాల్లోకి వస్తాయి, తరచూ తక్కువ ధరకే. మీకు పుస్తకం అక్కర్లేకపోతే ఆగడమే మేలని నా అభిప్రాయం.

పదహారు‌ఎంఎం:

ఆ చివరి మాట ఒప్పుకోను. "టైమ్ ఆఫ్ ఈవ్" లాంటివాటికి ఆగొచ్చు. మొదటి వెయ్యి మంది మీదే నిలబడ్డ 1980ల ఓవీఏ విషయంలో అందరూ ఆగితే దుకాణాల ఎడిషనే ఉండదు. పైగా లైసెన్స్‌కి కొన్నేళ్ల గడువు ఉంటుంది. గడువు తీరాక మిగిలిన సరుకు అమ్ముకోవడానికి కొద్ది నెలలు ఇస్తారు, ఆ తర్వాత మళ్లీ అచ్చు వేయడానికి హక్కు ఉండదు. తక్కువ సంఖ్యలో వేసిన సెట్లు అప్పుడు పాత సరుకు అమ్మేవాళ్ల చేతుల్లోనే దొరుకుతాయి.

ఇక బొమ్మ సంగతి. బ్యాకర్ల (క్యాంపెయిన్‌కి కట్టినవాళ్ల) డబ్బుతో బొమ్మ బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. బొమ్మ నాణ్యతలో అధిక భాగం క్యాంపెయిన్ మొదలవకముందే తేలిపోయి ఉంటుంది. హక్కుదారు దగ్గర ఏ మాస్టర్ ఉందో అదే వస్తుంది. మళ్లీ స్కాన్ చేయించడానికి జపాన్ ల్యాబ్‌లో నెగటివ్ బయటికి తీయాలి, హక్కుదారు అనుమతించాలి, ఖర్చు ఎవరిదో తేలాలి. ఇవన్నీ కుదిరితే పేజీలో గర్వంగా రాసుకుంటారు. రాయలేదంటే ఉన్న మాస్టరే వాడుతున్నారన్నమాట. అది తప్పేమీ కాదు, ఏ మాస్టరో చెప్పకపోవడమే తప్పు.

మీరు క్యాంపెయిన్‌వాళ్లను అడగాల్సినవి ఇవి. స్కాన్ నెగటివ్ నుంచా, ప్రింట్ నుంచా, టేపు నుంచా? అప్పటి టీవీ అనిమే 16 ఎంఎం మీద, సినిమాలు 35 ఎంఎం మీద తీసేవారు. ఓవీఏలు రెండు రకాలూ ఉన్నాయి. 16 ఎంఎం నెగటివ్ బాగుంటే 1080పీకి (బ్లూ-రే పూర్తి హెచ్‌డీకి) సరిపడా వివరం అందులో ఉంటుంది. 4కే స్కాన్ అని మురిపిస్తే 16 ఎంఎంకి దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు, శుభ్రమైన 2కే చాలు. అసలు చిక్కు టేపులది. కొన్ని ఓవీఏలను ఫిల్ము మీద చిత్రీకరించినా ఎడిటింగ్, టైటిళ్లు టేపు మీద చేశారు. అలాంటప్పుడు నెగటివ్ దొరికినా టైటిళ్లు, కొన్ని ఫేడ్‌లు అందులో ఉండవు, ప్రతి కట్‌నీ టేపుతో సరిచూస్తూ తిరిగి కూర్చాలి. ఆ శ్రమ పడలేనివాళ్లు టేపునే సాగదీసి 1080పీ అని రాస్తారు. 2000 ప్రాంతంలో కంప్యూటర్‌లో రంగులు వేసిన టీవీ సిరీస్‌లు చాలావరకు ఎస్‌డీ (పాత టీవీ) సైజులోనే పూర్తయ్యాయి, వాటికి వెనక్కి వెళ్లి స్కాన్ చేయడానికి ఫిల్మే ఉండదు. అప్పుడు నిజాయితీగా ఆ సైజులోనే (480ఐ) బ్లూ-రే వేయడం నయం.

పేజీలో పెట్టిన స్టిల్స్‌ని పూర్తి సైజులో తెరవండి. కదలని నేపథ్యం మీద గ్రెయిన్ (ఫిల్ముకి సహజంగా ఉండే రేణువులు) సన్నగా కనిపించాలి. ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉండి, కనురెప్పల దగ్గరి సన్నని గీతలు మధ్యలో తెగిపోతుంటే నాయిస్ తగ్గించే ఫిల్టర్ గట్టిగా వేశారని అర్థం. పోయిన ఆ గీతలు ఏ ఎన్‌కోడింగ్‌తోనూ తిరిగి రావు. సెల్ (బొమ్మ గీసి రంగు వేసిన పారదర్శక షీటు) మీద దుమ్ము చుక్క, సెల్ నీడ కనిపిస్తే సంతోషించండి, ఎవరూ అతిగా తుడవలేదన్నమాట. ఫ్రేమ్ 4:3 ఉందో లేదో చూడండి. పైనా కిందా కోసేసి 16:9 చేసిన మాస్టర్లు ఉన్నాయి, వాటికి డబ్బు కట్టొద్దనే నేను చెబుతాను.

సెల్‌రంగులు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. క్యాంపెయిన్‌వాళ్లను అడిగితే ఒక్క రోజులో జవాబిచ్చారు. జపాన్‌లో హక్కుదారు 16 ఎంఎం నెగటివ్ నుంచి చేయించిన 2కే స్కాన్. ఒప్పందం అయిపోయింది గానీ ఫైళ్లు ఇంకా చేతికి రాలేదు. ఆరు భాగాలు, ఒక్కోటి 30 నిమిషాలు, అన్నీ ఒకే బీడీ-50లో (50 జీబీ పట్టే రెండు పొరల బ్లూ-రే). రీజియన్ ఏ. డబ్బింగ్‌కి ఎం అండ్ ఈ ట్రాక్ ఉందా అని కూడా అడిగాను, "చూస్తున్నాం" అన్నారు. ఒకే డిస్కులో మూడు గంటలు ఇరుకవదా?

పదహారు‌ఎంఎం:

ఇరుకవదు. సగటున సెకనుకి 30 మెగాబిట్లు ఇస్తే 30 నిమిషాల భాగానికి 6.75 జీబీ, ఆరింటికీ 40.5 జీబీ. నష్టం లేకుండా కుదించిన స్టీరియో ఆడియో రెండు ట్రాకులకి ఇంకో నాలుగు జీబీ వేసుకోండి. 50 జీబీలో ఇంకా చోటు మిగులుతుంది. గ్రెయిన్ ఉన్న 16 ఎంఎంకి ఈ బిట్‌రేట్ సరిపోతుంది. దీన్ని మూడు డిస్కులకి విడగొట్టి "డీలక్స్" అంటే అది పెట్టె లావు పెంచడమే.

అసలు ఇరుకు టీవీ సిరీస్‌లలో వస్తుంది. 25 నిమిషాల భాగాలు 13 ఒకే బీడీ-50లో పెడితే అన్నీ కలిపి సెకనుకి 20 మెగాబిట్లే దక్కుతాయి, ఆడియో తీసేస్తే బొమ్మకి ఇంకా తక్కువ. వాన, పొగ, పేలుడు ఉన్న చోట గ్రెయిన్ ముద్దలు ముద్దలుగా విరుగుతుంది. వాటికి రెండు డిస్కులు అడగడం న్యాయం.

ఫైళ్లు చేతికి రాలేదన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. పది నెలల్లో అన్నది దీని మీదే ఆధారపడి ఉంది. ఫైళ్లు రావాలి, మొదటి నుంచి చివరిదాకా చూసి లోపాలు పట్టుకోవాలి, ఒక భాగంలో ఆడియో జారినా రీలు మధ్యలో ఫ్రేములు పోయినా మళ్లీ తెప్పించుకోవాలి. ఆ తర్వాతే సబ్‌టైటిళ్ల టైమింగ్ ఖాయమవుతుంది. ఆథరింగ్ అయ్యాక చెక్ డిస్కు తీసి చూస్తారు. పెట్టె మీది బొమ్మ, పేర్ల అక్షరక్రమం, మెనూలు అన్నీ హక్కుదారు ఆమోదానికి వెళ్తాయి. ఒక్కో ఆమోదం వారాల తరబడి ఆగొచ్చు, దాన్ని తొందరపెట్టే శక్తి చిన్న సంస్థకి ఉండదు. ఫైళ్లు ముందే చేతిలో ఉన్న క్యాంపెయిన్‌కీ ఇలాంటిదానికీ తేడా ఆలస్యంలోనే తెలుస్తుంది.

సబ్‌ట్రాక్:

డబ్బింగ్, రీజియన్ రెండింటి మీద చెబుతాను.

ఎం అండ్ ఈ అంటే మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్. అది ఉంటే కొత్త గొంతులు దాని మీద కలిపేస్తారు. లేకపోతే సంగీతాన్ని ఆల్బమ్ మాస్టర్ల నుంచి తెచ్చి, అడుగుల చప్పుడు మొదలుకొని తుపాకీ మోతదాకా మళ్లీ చేసుకోవాలి. పాత ఓవీఏలకి ఇది పోయి ఉండటం మామూలే. ఆల్బమ్‌లో రాని నేపథ్య సంగీతం ఉంటే ఆ ముక్క ఎప్పటికీ సరిగ్గా కుదరదు. "చూస్తున్నాం" అన్న దశలోనే డబ్బింగ్‌ని స్ట్రెచ్ గోల్‌గా (లక్ష్యం దాటితే ఇచ్చే అదనంగా) పెట్టడం నాకు నచ్చలేదు. డబ్బింగ్‌కి క్యాంపెయిన్ చేయడం తప్పని కాదు. 2016లో ఫ్యూనిమేషన్ "ఎస్కాఫ్లోన్" కొత్త డబ్బింగ్‌కి కిక్‌స్టార్టర్‌లోనే డబ్బు సేకరించింది, నోజోమి "ఆరియా"కి 2017లోనూ, 1985 నాటి "డర్టీ పెయిర్" టీవీ సిరీస్‌కి ఆ తర్వాతా అదే దారి పట్టింది. అయితే ఆ మూడింటిలో డబ్బింగే అసలు లక్ష్యం, ఖర్చు ముందే లెక్క వేసి అడిగారు. చివర్లో తగిలించిన డబ్బింగ్ వేరు. అది గెలిస్తే డిస్కు మొత్తం దాని కోసం ఆగుతుంది. నటుల తేదీలు, మిక్సింగ్, మళ్లీ ఆమోదాలు. మీ పది నెలలు అక్కడే పోతాయి. ఆర్ట్ బుక్ కూడా అంతే. ప్రతి బొమ్మకీ హక్కులు అడగాలి, బరువు పెరిగి పోస్టేజీ మారుతుంది. పుస్తకాలు చేర్చిన పెట్టె తపాలాలో ఇంకో ధరల తరగతిలో పడితే లెక్కలపుస్తకం గారు వేసిన లెక్క తలకిందులవుతుంది.

రీజియన్ ఏ అంటే ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా బీ. చైనా, రష్యా, ఇండియా సీ. మీ ప్లేయర్ ఏ రీజియన్‌కి సెట్ అయి ఉందో మాన్యువల్‌లో చూసుకోండి. రీజియన్ ఫ్రీ అన్న ప్లేయర్లలో కొన్ని డీవీడీకి మాత్రమే ఫ్రీ, బ్లూ-రేకి కాదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. డీవీడీ కాలంలో అమెరికా 1, జపాన్ 2 కాబట్టి హక్కుదారులకి దిగులు లేదు. బ్లూ-రేలో రెండూ ఏ లోకే వచ్చాయి. జపాన్‌లో ఖరీదుగా అమ్మే సెట్‌ని అక్కడి కొనుగోలుదారులు అమెరికా నుంచి చవగ్గా తెప్పించుకుంటారన్న భయంతో కొందరు హక్కుదారులు షరతులు పెడతారు. జపనీస్ ఆడియో ఎంచుకుంటే సబ్‌టైటిళ్లు తీసేయడం కుదరకుండా లాక్ చేయడం అందులో ఒకటి, జపాన్ సెట్ వచ్చాక కొంతకాలం ఆగి విడుదల చేయాలనడం ఇంకొకటి. సబ్‌టైటిళ్లు లేకుండా చూసే అలవాటు ఉంటే ఇది కూడా అడగండి. పాటల సాహిత్యానికీ బోర్డుల మీది రాతకీ వేరే ట్రాక్ ఉంటుందో లేదో కూడా అడగండి. డబ్బింగ్‌తో చూసేవాళ్లకి అది లేకపోతే బోర్డు మీద ఏం రాసి ఉందో తెలియదు.

లెక్కలపుస్తకం:

పదహారు‌ఎంఎం గారి మాట సబబే. ఒప్పందం అయిపోయిందన్న జవాబు వచ్చాక నేనూ కట్టమనే అంటాను, ఆర్ట్ బుక్ లేని కనీస ప్లెడ్జ్‌తో. ఒక్కటి తెలిసి కట్టండి: లక్ష్యం చేరి డబ్బు సంస్థకి వెళ్లాక కిక్‌స్టార్టర్ వెనక్కి ఇవ్వదు. ఆ తర్వాత డిస్కు ఇవ్వాల్సిన బాధ్యతైనా, డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పాల్సిన బాధ్యతైనా క్యాంపెయిన్ నడిపినవాళ్లదే. వాళ్లు ఇంతకుముందు చేసిన క్యాంపెయిన్ల అప్‌డేట్‌లు తెరిచి చూడండి. ఆలస్యమైన నెలల్లో కూడా ఏ పని ఎక్కడ ఆగిందో రాశారా, లేక "త్వరలో" అని సరిపెట్టారా అన్నది అక్కడే బయటపడుతుంది.

చిరునామా సర్వే వచ్చినప్పుడు వెంటనే నింపండి. చిరునామాలు ఖరారు చేసే తేదీ దాటాక మార్చమంటే పెట్టె పాత ఇంటికే వెళ్తుంది. సెట్ వచ్చాక అట్టే పెట్టకుండా డిస్కు మొత్తం ఒకసారి ఆడించండి, ముఖ్యంగా మధ్యలోని భాగాలు. డిస్కు బయటి అంచులో, అంటే మొదటి పొర ముగిసి రెండో పొర మొదలయ్యే చోట, అచ్చు లోపాలు ఎక్కువగా దొరుకుతాయి. మార్పిడికి అదనంగా వేయించిన డిస్కులు కొద్దిగానే ఉంటాయి, మొదటి నెలల్లో అడిగినవాళ్లకే అవి దక్కుతాయి.