ముదిమిలో మెదడుకు మొక్కల ఆహారం ఒక్కటే చాలునా?

తుంగభద్ర తీరం: మా నాన్నగారికి 74 ఏళ్లు. పాలు, పెరుగు కూడా మానేస్తే మతిమరుపు దరిచేరదని ఎవరో చెప్పగా మూడు నెలలుగా మానేశారు. ఇది మంచిదేనా?

పచ్చని పందిరి: నిస్సందేహంగా మంచిదే. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడుకుంటుంది కనుక ఆక్సీకరణ ఒత్తిడి, అంటే ఆక్సిజన్ వాడకంలో పుట్టే హానికర అణువులు కణాలను దెబ్బతీయడం, దానిని ఎక్కువగా బాధిస్తుంది. 1999లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు ముసలి ఎలుకలకు ఎనిమిది వారాల పాటు ఆ ఒత్తిడిని తట్టుకునేందుకు తోడ్పడే పాలకూర, స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీల సారం కలిపిన మేత పెట్టగా వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది.

గోరింట: ఎలుకల సంగతి సరే, నరాలకు అవసరమైన బీ12 విటమిన్ ఎక్కడి నుంచి వస్తుంది? అది పాలు, పెరుగుల్లో ఉంటుంది, ఆకుకూరల్లో లేదు.

పచ్చని పందిరి: నేను ఒత్తిడి గురించి చెబుతుంటే మీరు విటమిన్ దగ్గరే ఆగిపోయారు. కాలేయంలో బీ12 నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది.

వేపచెట్టు నీడ: మెదడు ఆరోగ్యం కోసం రూపొందించిన ‘మైండ్’ ఆహారంపై 2023లో వెలువడిన పరీక్షలో 604 మంది వృద్ధులను మూడేళ్లు గమనించినా, ఆకుకూరలు, బెర్రీలు ఎక్కువగా తిన్నవారికీ మిగతావారికీ ఆలోచన, జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

గోరింట: మా అమ్మ వ్రతమని పాలు మానేసిన కొన్నేళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కాయి, మనవల పేర్లు మరిచిపోయింది. వయసు మీద పడిందని వైద్యుడు రెండేళ్లు పంపించేశాడు. చివరకు రక్తపరీక్షలో బయటపడింది బీ12 లోపమే. ఇంజెక్షన్లతో పేర్లు గుర్తొచ్చాయి కానీ తిమ్మిరి పోలేదు.

పచ్చని పందిరి: మీ ఇంట్లో జరిగినదాన్ని అందరి మీదా రుద్దకండి! మన తాతలు మాత్రలు మింగారా?

గోరింట: మన తాతలు పెరుగు మానలేదండీ. నేను ఆకుకూరలు వద్దనలేదు, వారానికి ఒక్క మాత్ర చాలంటున్నాను. దానికి ఇంత కోపమెందుకు?

పచ్చని పందిరి: మాత్ర కావాలంటే ఆహారం చాలలేదనే కదా అర్థం. మా ఆవిడ చివరి ఆరేళ్లూ మాత్రల సంచితోనే తిరిగింది. నా పళ్లెంలో ఉన్నదే నాకు చాలాలని ఆమె పోయిన రోజే అనుకున్నాను.

గోరింట: అది తెలియక కటువుగా మాట్లాడాను, క్షమించండి. కానీ ఆ నిర్ణయం మీ పళ్లెం వరకే ఉండనివ్వండి. తుంగభద్ర తీరం గారూ, మీ నాన్నగారు మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మందు వాడుతున్నారా?

తుంగభద్ర తీరం: అవునండీ, పదకొండేళ్లుగా.

గోరింట: దీర్ఘకాలం వాడితే అది కూడా బీ12ను తగ్గిస్తుంది, నిల్వ ఉందనుకోవడానికి లేదు. ఈ వారమే రక్తపరీక్ష చేయించండి.