పాత ల్యాప్‌టాప్‌కి మొదటిసారి లినక్స్ వేద్దామనుకుంటున్నా, ఏది తీసుకోవాలి?

పాతపెట్టె:
అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదని ఒప్పుకోవట్లేదు. మెషీన్ బాగానే ఉంది, పారేయబుద్ధి కావట్లేదు. విండోస్ బదులు లినక్స్ వేసుకోమంటున్నారు గానీ ఉబుంటు, మింట్, జోరిన్, ఫెడోరా, డెబియన్ అంటూ దాంట్లోనే బోలెడు రకాలు, చదివేకొద్దీ అయోమయం. నా పనల్లా బ్రౌజర్, వీడియోలు, ఎక్సెల్‌లో ఇంటి లెక్కలు, తెలుగులో కథలు టైప్ చేసుకోవడం. కమాండ్లంటే భయం, ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్. ఒక్క పేరు చెప్పండి చాలు.

కర్సర్‌రావు:
లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్.

ఒక్క పేరే అడిగారు గానీ ఎందుకో కూడా చెప్తా, లేకపోతే రేపు ఇంకెవరో ఇంకోటి చెప్తే మళ్లీ మొదటికొస్తారు. మీరు చదివిన పేర్లలో చాలావరకు దగ్గరి చుట్టాలే. డెబియన్ మీద ఉబుంటు, ఉబుంటు మీద మింట్, జోరిన్ కట్టారు. మీకు రోజూ తేడా తెలిసేది డెస్క్‌టాప్ దగ్గర, అంటే తెర మీద కనిపించే మెనూలు, ప్యానెళ్ల దగ్గర. ఉబుంటులో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ అందంగానే ఉంటుంది, కానీ విండోస్ అలవాటున్నవాళ్లకి కొత్త, 4 జీబీకి బరువు. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కి సోకులు లేవు. కింద ప్యానెల్, మూలన మెనూ, అంతే. తేలిగ్గా నడుస్తుంది.

అయితే బ్రౌజర్ తినే ర్యామ్‌ని ఏ లినక్సూ తగ్గించలేదు. ట్యాబులు గుట్టలుగా తెరిస్తే ఇక్కడా నత్తనడకే. వీలైతే ముందు హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. ఏ డిస్ట్రో (లినక్స్ రకం) అన్నదానికంటే దానివల్ల వచ్చే తేడా ఎక్కువ.

ఫైళ్ల సంగతి: మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకునేదాకా ఇన్‌స్టాల్ జోలికి పోవద్దు. తర్వాత రూఫస్ అనే టూల్‌తో మింట్ ఐఎస్‌ఓని (ఇన్‌స్టాల్ ఫైల్‌ని) పెన్‌డ్రైవ్‌కి రాసి, దాన్నుంచి బూట్ చేయండి, అంటే ల్యాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టండి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవి చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. మింట్ పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది (దీన్నే లైవ్ అంటారు), ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కనంతవరకు మీ హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, స్లీప్ చేసి లేపడం అన్నీ అక్కడే చూసుకోండి. పెన్‌డ్రైవ్ మీద నెమ్మదిగానే ఉంటుంది, దాన్ని బట్టి వేగం అంచనా కట్టకండి.

టెర్మినల్‌ప్రియ:
నేనైతే ఫెడోరా అంటాను. కొత్త కెర్నల్ (లినక్స్ అసలు గుండె), కొత్త గ్నోమ్, అన్నీ ముందుగా అక్కడికే వస్తాయి.

కర్సర్‌రావు:
మీకూ నాకూ సరే ప్రియ గారూ, ఈయనకి కాదు. ఫెడోరాలో ఒక్కో విడుదలకి సపోర్ట్ 13 నెలలే, ఆలోపు పై వెర్షన్‌కి మారాలి. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కథలు రాసుకునే మనిషికి కొత్త కెర్నల్‌తో పనేముంది?

పాతపెట్టె:
పెన్‌డ్రైవ్‌తో బూట్ అయిందండీ! సౌండ్, టచ్‌ప్యాడ్ బాగున్నాయి. కానీ వైఫై లిస్ట్ ఖాళీగా ఉంది. తెలుగు టైపింగ్ ఎక్కడుందో కూడా దొరకలేదు. ఎక్సెల్ ఫైళ్లు తెరుచుకుంటాయా?

కర్సర్‌రావు:
లిస్ట్ ఖాళీ అంటే చాలాసార్లు బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ అయి ఉంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై డ్రైవర్ చూపిస్తుంది, రికమెండెడ్ అని ఉన్నది ఎంచుకోండి. కమాండ్ అక్కర్లేదు. అక్కడా ఏమీ చూపించకపోతే చిప్ పేరు ఇక్కడ పెట్టండి, అప్పటిదాకా ఇన్‌స్టాల్ చేయకండి.

తెలుగుకి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అనే తెలుగు కీబోర్డు పద్ధతులు మూడూ అందులో ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఆర్‌టీఎస్ తీసుకోండి.

ఎక్సెల్ ఫైళ్లు మింట్‌తో వచ్చే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరుచుకుంటాయి. మామూలు కూడికలు, ఫార్ములాలకి ఇబ్బంది లేదు. మాక్రోలు (ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) రాసుకుని ఉంటే మాత్రం అన్నీ పనిచేయవు. లైవ్‌లోనే కాల్క్ ఉంది కదా, మీ లెక్కల ఫైల్ కాపీ ఒకటి ఇప్పుడే తెరిచి చూడండి.