రైజెన్ 7 7700కి బీ650 చాలా, ఎక్స్670ఈ దాకా వెళ్లాలా?

కొత్తబిల్డ్:
ప్రాసెసర్ రైజెన్ 7 7700 అని ఫిక్స్ అయ్యాను. మదర్‌బోర్డు దగ్గరే తేలడం లేదు. ఏ620, బీ650, బీ650ఈ, ఎక్స్670ఈ అని బోర్డు మీది చిప్‌సెట్‌ని బట్టి పేర్లు... అన్నిటికీ ఏఎం5 సాకెట్టే, దేంట్లో పెట్టినా కూర్చుంటుంది. మరి తేడా ఎక్కడ? నా పని వీడియో ఎడిటింగ్, అప్పుడప్పుడు గేమ్స్. ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (వేగమైన ఎస్‌ఎస్‌డీలు), సాటా కేబుల్‌తో తగిలించే నాలుగు పాత సాటా హార్డ్ డిస్కులు పెట్టాలి. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు దాటించడం) జోలికి పోను. పెద్ద చిప్‌సెట్ తీసుకుంటే స్పీడు పెరుగుతుందా?

స్క్రూడ్రైవర్:
పెరగదండి. గ్రాఫిక్స్ కార్డుకి 16 పీసీఐఈ లేన్లు (డేటా నడిచే దారులు), మొదటి ఎన్‌వీఎంఈకి 4 లేన్లు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి. మెమరీ కంట్రోలర్ కూడా అందులోనే ఉంది. చిప్‌సెట్ చూసుకునేది మిగతా సంసారం: సాటా, యూఎస్‌బీ, అదనపు ఎం.2 స్లాట్లు (ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు కూర్చునేవి). ఎక్స్670 అంటే కొత్త చిప్ ఏమీ కాదు, బీ650లో ఉన్న చిప్‌నే రెండు వరసగా కలిపారు. పోర్టులు పెరుగుతాయి, కానీ ఆ రెండూ ప్రాసెసర్‌ని చేరే దారి మాత్రం అవే నాలుగు పీసీఐఈ 4.0 లేన్లు. నేనైతే బీ650 తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెడతాను.

మీకు నాలుగు సాటా కావాలి కాబట్టి ఒక జాగ్రత్త. కొనేముందు ఆ మోడల్ మాన్యువల్ తెరిచి స్టోరేజ్ పేజీలో చిన్న అక్షరాలు చదవండి. ఫలానా ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టులు పనిచేయవని కొన్ని బోర్డులకి అక్కడే రాసి ఉంటుంది. బాక్స్ మీద ఇది కనబడదు.

కొత్తబిల్డ్:
ఓవర్‌క్లాక్ చేయనప్పుడు ఏ620 చాలదా మరి?

నీలిస్క్రీన్:
చాలుతుంది బ్రో, 7700 టీడీపీ (వేడి, కరెంట్ వాడకం అంచనా) 65 వాట్లే. ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు గానీ ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి నడిపే ఎక్స్‌పో ప్రొఫైల్ పనిచేస్తుంది. నా అభ్యంతరం వీఆర్ఎం గురించి, అంటే ప్రాసెసర్‌కి కరెంట్ సరిచేసి ఇచ్చే సర్క్యూట్. చవక బోర్డుల్లో కొన్నిటికి దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. రేపు 16 కోర్ల ప్రాసెసర్ పెట్టి గంటల తరబడి రెండర్ చేస్తే వేడెక్కి స్పీడు పడిపోతుంది. ఒకే బీ650 పేరుతో గట్టి వీఆర్ఎం ఉన్నవీ ఉన్నాయి, నాసిరకంవీ ఉన్నాయి, ఫొటో చూసి హీట్‌సింక్ ఉందో లేదో చూసుకో. ఇక చివర ‘ఈ’ ఉంటే గ్రాఫిక్స్ స్లాట్‌కి కూడా పీసీఐఈ 5.0 ఉన్నట్టు. నీ వాడకానికి దాని గురించి ఆలోచించక్కర్లేదు.

స్క్రూడ్రైవర్:
బయాస్ (బోర్డుని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో కూడా చూడండి. తర్వాత రైజెన్ 9000 సిరీస్‌కి మారితే పాత బయాస్‌తో బూట్ కాదు. ఆ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు.

కొత్తబిల్డ్:
నేను అనుకున్న బీ650 మాన్యువల్ ఇప్పుడే చూశాను. మూడో ఎం.2 వాడితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయట. నాకు రెండు ఎం.2లే కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంది, వీఆర్ఎంకి రెండు వైపులా హీట్‌సింక్ ఉంది. ఇదే ఆర్డర్ పెడుతున్నాను.