న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో ఓటు కోసం పార్టీలో నమోదు కావడం అవసరమా?

ప్రశ్న
నమస్కారం. పౌరసత్వం వచ్చిన తరువాత ఓటరుగా నమోదు చేసుకున్నప్పుడు, ఏ పార్టీ ముద్రా వద్దనుకుని, దరఖాస్తులో ఏ పార్టీలోనూ చేరనన్న గడిలో టిక్కు పెట్టాను. అందువల్ల 2025 జూన్ 24న జరిగిన మేయర్ ప్రైమరీలో (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) నాకు ఓటు లేకుండా పోయింది. నవంబరులో జరిగే తుది ఎన్నికలో ఎలాగూ అందరికీ ఓటు ఉంటుంది కదా, మరి ప్రైమరీకి ఇంత ప్రాముఖ్యం ఎందుకు? కేవలం ఓటు కోసం ఒక పార్టీలో పేరు రాయించుకోవడం సబబేనా?

మొదటి సమాధానం
ఇక్కడి ప్రైమరీలో ఆ పార్టీ ఓటరుగా నమోదైనవారే పాల్గొనగలరు. నగరంలో డెమోక్రాటిక్ ఓటర్లు రిపబ్లికన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, 51 సిటీ కౌన్సిల్ స్థానాలలో అత్యధిక భాగం జూన్‌లోనే తేలిపోతాయి. నవంబరులో చాలా చోట్ల గెలిచేది ఎవరో ముందే తెలిసి ఉంటుంది. పార్టీలో నమోదైనంత మాత్రాన చందా కట్టనక్కరలేదు, నవంబరులో ఆ పార్టీకే ఓటు వేయాలన్న నిబంధనా లేదు. కనుక సబబు గురించి సందేహం అనవసరం. అయితే గడువు చూసుకోండి: ఇప్పటికే ఓటరుగా ఉన్నవారి మార్పు దరఖాస్తు ఆ ఏడాది ఫిబ్రవరి 14 నాటికి ఎన్నికల బోర్డుకు అందాలి, లేకపోతే ఆ జూన్ ప్రైమరీకి అది వర్తించదు.

రెండవ సమాధానం
నమోదైతే సరిపోదు, ఓటు వేసే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. 2019 ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం పొంది, 2021లో మేయర్ ప్రైమరీకి తొలిసారి అమలైన విధానం ప్రకారం, ఐదుగురు అభ్యర్థుల వరకు వరుస ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, ఆ ఓట్లను తదుపరి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. 2021 డెమోక్రాటిక్ మేయర్ ప్రైమరీలో ఎరిక్ ఆడమ్స్ తుది రౌండులో క్యాథరిన్ గార్సియాపై 7,197 ఓట్ల తేడాతో గెలిచారు. కానీ ఆ ఇద్దరిలో ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వనందువల్ల లెక్క నుంచి తప్పుకున్న బ్యాలెట్లు లక్షకు పైనే. ఒక్క పేరు రాసి ఊరుకునేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడవ సమాధానం
నవంబరు నామమాత్రమేనన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. 1993లో రూడీ జూలియానీ, 2001లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ రిపబ్లికన్ అభ్యర్థులుగా నిలిచి మేయర్లయ్యారు. 2025లో జోహ్రాన్ మమ్దానీ చేతిలో డెమోక్రాటిక్ ప్రైమరీ ఓడిన మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమో, స్వతంత్ర అభ్యర్థిగా నవంబరులో మళ్ళీ బరిలోకి దిగారు. రెండోసారి కూడా మమ్దానీయే గెలిచినా, ఆయనకు వచ్చింది సగానికి స్వల్పంగా పైన మాత్రమే. పైగా నవంబరులో ప్రాధాన్య ఓట్లు లేవు. ఎక్కువ ఓట్లు ఎవరికి వస్తే వారిదే గెలుపు.

ప్రశ్నించినవారు
అందరికీ ధన్యవాదాలు. గవర్నర్ ప్రైమరీలో కూడా ఇలాగే ఐదు ప్రాధాన్యాలు ఇవ్వవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు
లేదండీ. మేయర్, కంప్ట్రోలర్ (నగర ఆర్థిక లెక్కల అధికారి), పబ్లిక్ అడ్వొకేట్ (ప్రజల ఫిర్యాదులు చూసే నగర అధికారి), బరో (నగరంలోని ఐదు విభాగాలలో ఒకటి) అధ్యక్షులు, కౌన్సిల్ సభ్యులకు మాత్రమే ఆ విధానం. గవర్నర్‌కే కాదు, డిస్ట్రిక్ట్ అటార్నీకి (ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే న్యాయాధికారికి) కూడా ఒక్కరినే ఎంచుకోవాలి.