శత్రు దేశం క్షిపణి చూపించి బెదిరిస్తే ముందే కొట్టాలా?

జగిత్యాల అన్న:
నిన్న హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే పక్క బెంచీ మీద నలుగురు వాదించుకుంటున్నారు. వాదన అనడం కూడా తప్పే, అందరిదీ ఒకటే మాట. పాకిస్తాన్ క్షిపణి బయటికి తీసిందంటే అది లేవకముందే మనం వేసెయ్యాలట. అక్కడ నేను నోరు విప్పలేదు, ఇక్కడ అడుగుతున్నా. ఆ మాట వింటే నాకు 2025 జూన్ 23 రాత్రి కళ్ల ముందుకు వస్తుంది.

మా తమ్ముడు దోహాలో ఏసీ మెకానిక్. ఆ రోజు మనకు రాత్రి పది దాటాక వీడియో కాల్ చేసి, క్యాంపు డాబా మీది నుంచి ఫోన్ ఆకాశం వైపు తిప్పాడు. ఎర్రటి చుక్కలు వరుసగా పైకి పోతున్నాయి. కాసేపటికి ధబ్బుమని చప్పుడు, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కన ఎవరో మన భాషలోనే "అయ్యో, అయ్యో" అంటున్నారు. మా అమ్మ ఫోన్ లాక్కుని "లోపలికి పో బిడ్డా" అన్న ఒక్క మాటే పదిసార్లు అన్నది. ముందు రోజు అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. అందుకు బదులుగా ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదీద్ అమెరికా స్థావరం మీదికి క్షిపణులు వదిలింది. చాలావాటిని గాల్లోనే కూల్చేశారు, ఎవరి ప్రాణం పోలేదు. మా తమ్ముడికి ఇరాన్‌తో గొడవ లేదు, అమెరికాతో పని లేదు. అయినా ఆ క్షిపణులు అతని నెత్తి మీది నుంచే పోయాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. బెదిరింపుకే కొట్టొద్దు. ముందు జనానికి రక్షణ చూడాలి, కొట్టాల్సి వస్తే రుజువుతో కొట్టాలి.

భూపాలపల్లి కుర్రోడు:
అన్నా, మీ అమ్మగారి టెన్షన్ అర్థమైంది. కానీ పహల్గాంలో 26 మందిని నిలబెట్టి కాల్చినప్పుడు రుజువు కోసం ఎన్ని రోజులు ఆగాలి? క్షిపణి లేచిందంటే ఢిల్లీ చేరడానికి నిమిషాలు చాలు. పాకిస్తాన్ క్షిపణి షహీన్-3 రేంజ్ 2,750 కిలోమీటర్లు అంటున్నారు. సరిహద్దుకు వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న మన వరంగల్ కూడా అందులోకి వస్తుంది. అది మన మీద పడ్డాక లెక్క చూసుకుంటూ కూర్చుందామా? మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందని మా నాయన ఊరికే అనడు.

మాజీ హవల్దార్, కాజీపేట:
తమ్మీ, నీ కోపం తప్పు కాదు, లెక్క తప్పు. ఆ క్షిపణులు ఒకచోట పాతిపెట్టిన స్తంభాలు కావు, లారీల మీద తిరుగుతాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా విమానాలు ఇరాక్ స్కడ్ క్షిపణుల లారీల కోసం రాత్రింబగళ్లు ఎడారి జల్లెడ పట్టాయి. ఒక్క లారీని కచ్చితంగా కొట్టామని కూడా తర్వాత రుజువు చూపలేకపోయారు. ఆ ఫిబ్రవరిలోనే ఒక స్కడ్ సౌదీలోని ధహ్రాన్‌లో సైనికులు ఉండే బారక్స్ మీద పడి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ముందే కొడితే అన్నీ పోతాయనుకోకు. మిగిలినవి ఆ రోజే మన మీదికి వస్తాయి.

ఇంకో సంగతి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున లేచి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్, అంటే పేలే భాగం లేదు, ఎవరూ చనిపోలేదు. అది గాల్లో ఉన్న ఆ కాసేపట్లో అవతలివాళ్లు కూడా నీలాగే ఆలోచించి ఉంటే ఏమయ్యేది? సర్వీసులో ఉన్నవాళ్లకు ఆ వార్త విని ఒళ్లు జలదరించింది.

పహల్గాం తర్వాత 2025 మే నెలలో మనం ఊరుకోలేదు. 7వ తేదీన తొమ్మిది ఉగ్రవాద స్థావరాలను కొట్టాం, మొదట పాకిస్తాన్ సైన్యం జోలికి పోలేదు. వాళ్లు డ్రోన్లు, క్షిపణులు పంపితే వాటిని గాల్లోనే కూల్చే మన ఎస్-400, ఆకాశ్ అడ్డుకున్నాయి. ఆ ఆకాశ్ మన హైదరాబాద్ ల్యాబుల్లో పుట్టిందే. 10వ తేదీన వాళ్ల వైమానిక స్థావరాలను కొట్టాం. ఆ మధ్యాహ్నమే వాళ్ల డీజీఎంఓ, అంటే సైనిక ఆపరేషన్లు చూసే పెద్ద అధికారి, మన డీజీఎంఓకు ఫోన్ చేశాడు, సాయంత్రం 5 గంటలకు కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు. ఒక్కో మెట్టు ఎక్కాం కాబట్టే దిగగలిగాం.

గోదావరిఖని టీచరమ్మ:
ఆ నాలుగు రోజుల్లో జమ్మూ కశ్మీర్ సరిహద్దులోని పూంచ్‌లో పాకిస్తాన్ షెల్లింగ్‌కు మామూలు జనం చనిపోయారు, పిల్లలు కూడా. సరిహద్దుకు ఇంత దూరంలో ఉండి మనం అభిప్రాయం చెప్పేటప్పుడు వాళ్లు గుర్తుండాలి.

మా పక్కనే రామగుండం ఎన్‌టీపీసీ, 2,600 మెగావాట్లు. యుద్ధం ముదిరితే ఎవరైనా మొదట చూసేవి ఇలాంటివే. మే 7న హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. టీవీలో చూపిస్తుంటే మా క్లాసులో చదివే ఒక పాప అడిగింది: "టీచర్, మనకు సైరన్ వస్తే గని షిఫ్ట్‌దో బాంబుదో ఎట్ల తెలుస్తది?" నేను జవాబు చెప్పలేకపోయాను. మూడో తరగతి పిల్ల. ఏ గదిలోకి పోవాలి, కిటికీకి ఎంత దూరంలో కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి నాకు ఎవరూ నేర్పలేదు. కొట్టాలా వద్దా అనేది ఢిల్లీ చూసుకుంటుంది. దీని గురించి మాత్రం కలెక్టరేట్‌కు అర్జీ పెట్టాల్సింది మనమే.

భూపాలపల్లి కుర్రోడు:
సార్, బ్రహ్మోస్ సంగతి నేను ఇలా ఆలోచించలేదు. లారీల మాట కూడా ఒప్పుకుంటా. కానీ అవతల ఇంధనం నింపి గురి పెట్టినట్టు శాటిలైట్‌లో కచ్చితంగా కనబడితే మాత్రం ఆగకూడదు. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

మాజీ హవల్దార్, కాజీపేట:
షహీన్ ఘన ఇంధనంతో పోతుంది తమ్మీ, ముందుగా నింపేది ఏమీ ఉండదు. ఆ 'కచ్చితంగా' అన్నదే దొరకదు.

జగిత్యాల అన్న:
అందరికీ దండాలు. టీచరమ్మ, ఆ అర్జీ రాస్తే నా సంతకం కూడా పెట్టండి.

నాది ఇంకొక్క మాట. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు మన ప్రభుత్వం దాదాపు 1,70,000 మందిని విమానాల్లో తీసుకొచ్చింది. 2022 జనవరి 17న అబుదాబి మీద యెమెన్ తిరుగుబాటుదారులు హూతీల దాడిలో ఇద్దరు భారతీయులు చనిపోయారు, వాళ్లు కూడా పని కోసం పోయినవాళ్లే. క్షిపణి బెదిరింపుకు జవాబు అంటే మనవాళ్లను ఎట్లా బయటికి తెస్తామన్నది కూడా అందులో ఉండాలి. అప్పుడు మా తమ్ముడి పాస్‌పోర్ట్ కంపెనీ వాళ్ల బీరువాలో ఉండేది. ఆ రాత్రి విమానాలు నడిచినా వాడు ఎక్కలేకపోయేవాడు. సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎవరైనా పాస్‌పోర్ట్ తిరిగి తీసుకున్నవాళ్లు, ఎంబసీలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఉంటే ఎట్లా చేశారో ఇక్కడ రాయండి. వాడు పోయిన వారం మళ్లీ దోహా వెళ్లాడు.