మా తాత భూమి ఎలా కొన్నారో ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (మనవరాలు, హనుమకొండ)

మా తాత పరకాల దగ్గరి పల్లె నుంచి పదహారేళ్లకు వరంగల్ వచ్చి, ధాన్యం మార్కెట్లో హమాలీగా బస్తాలు మోశారు. తర్వాత సరుకు తూచే దడువాయి, ఆపైన కమిషన్ మీద రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి, 1971లో సొంత జిన్నింగ్ మిల్లు. క్వింటాలు పత్తి ఆడిస్తే 34 కిలోల దూది రావాలి, ఒక్క కిలో తగ్గినా మిషన్ ఆపించేవారట. పోయేనాటికి మూడు ఊళ్లలో నూట పది ఎకరాలు. ఆయన జీవితం రాస్తున్నాను. మిల్లు గురించి అడిగితే అందరూ గంటలకొద్దీ చెబుతారు, భూమి అనగానే మాట మారుస్తారు.

జవాబు (రిటైర్డ్ రెవెన్యూ గుమాస్తా)

అమ్మా, ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన 1954-55 రెవెన్యూ రికార్డు, ఖాస్రా పహాణీతో మొదలుపెట్టండి. పట్టాదారు ఒకరు, సాగులో ఇంకొకరు కనిపిస్తే అక్కడ ఆగండి. 1973 భూపరిమితి చట్టం ప్రకారం అయిదుగురి కుటుంబానికి మెట్ట భూమి, నేల తరగతిని బట్టి, 35 నుంచి 54 ఎకరాలే. మరి నూట పది ఎలా నిలిచాయి? ఆ చట్టం కింద తమ భూమి ఎంతో చెబుతూ ఇచ్చిన అప్పటి డిక్లరేషన్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. పాలేరు పేరున, బావమరిది పేరున రాసిన కాగితాలు నా చేతి మీదుగానూ పోయాయి లెండి.

జవాబు (రైతు కొడుకు, నర్సంపేట)

మా నాన్నకు విత్తనాలకు, మందులకు అప్పు ఇచ్చింది ఒక అడ్తి సేటే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, పంట ఆయన దుకాణానికే తోలాలి. 1997లో లద్దెపురుగు పత్తిని ఊడ్చేసింది. నాలుగెకరాలు తెల్లకాగితం మీద రాసిచ్చాం, సాదా బైనామా. ఆ సేటు దుర్మార్గుడేమీ కాదు. మాకు కడుపునిండా భోజనం పెట్టించాకే కాగితం ముందుకు జరిపాడు. అందుకే నాన్న చివరిదాకా ఆయన్ని తిట్టలేకపోయారు. మీ తాతగారు అలాంటివారని అనడం లేదు. అమ్మినవాళ్ల ఇళ్లకు కూడా ఒకసారి వెళ్లండి.

మళ్లీ మనవరాలు

మిల్లు గదిలో పాత ఖాతా పుస్తకాలు దొరికాయి. ఒక్కో పేరు కింద అసలు, వడ్డీ, కొన్నింటి చివర 'భూమి ముట్టింది' అని తాత చేతిరాత. అన్నిటికన్నా ముందుది రెండెకరాల పది గుంటలు. ఆ పేరు మా నానమ్మ వాళ్ల నాన్నది. పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ముందు అన్నం తిను" అంది.